మన్ను మూటలు

"ఐదు మూటలు రేఖా! నా చేత్తో నేను నింపి, నా చేత్తో నేను మూతి కట్టిన మూటలు! యాడికి పంపిస్తివి?"

మా అత్త వెంకటలక్ష్మమ్మ పొట్టు కొట్టం నడిమధ్యలో నిలబడి గుండెలు బాదుకుంటాండాది. కొట్టంలో ఇంకేముండాది! ఒక చీపురు, రెండు చిరిగిన గోనెసంచులు, నేలమీద ఆడాడ శెనక్కాయ పొట్టు. కప్పు తగిలేట్టు పేర్చిన మూటలన్నీ నిన్న సాయంత్రం నేనే దగ్గరుండి ఫ్యాక్టరీ ట్రాక్టరుకు ఎత్తించినాను.

"పొట్టే గదత్తా. ఫ్యాక్టరీలో పొట్టు అయిపోయిందని నీ కొడుకు అడిగినాడు. నువ్వు సోమందేపల్లె పెండ్లికి పోయింటివి. పొట్టు ఇచ్చేకి గూడా నీ అనుమతి కావాల్నా?"

"పొట్టు ఇయ్యి తల్లీ, ఎవరొద్దన్నారు? అందులో విత్తనం ఉండాదే!"

విత్తనం అనే మాట చెవిన పడేసరికి ఒట్టి కొట్టం నాలుగు మూలలూ చూసినాను.

"విత్తనం మిద్దింట్లో గదా ఉండేది?"

మా అత్త నోరు మూసుకునింది. పెండ్లికి కట్టుకున్న పట్టుచీర ఇంకా విప్పలేదు, పొద్దున మొదటి బస్సుకు దిగి తిన్నగా కొట్టంలోకే వచ్చింది. ఆమె నోరు మూసుకునిందంటే లోపల ఏదో ఉండాదని ఈ నాలుగేండ్ల కాపురంలో నాకు బాగా తెలిసొచ్చింది.

రాత్రి వాన పడింది. మూడేండ్ల తర్వాత, వాన అనిపించుకునే వాన. తెల్లారేసరికి మా మామ ఆంజనేయులు చేనికి పోయి, కట్టెతో మన్ను గెలికి చూసి, మోకాళ్ళదాకా బురదతో ఇంటికొచ్చినాడు. "జానెడు దిగిందమ్మా పదును. ఈ పొద్దు కాయలు ఒలిపించండి, రేపు గొర్రు కట్టి విత్తుదాం" అని నవ్వినాడు. మా మామ నవ్వేది చూసి ఎన్నేండ్లయిందో! ఆ నవ్వు చూసిన కండ్లతోనే ఇది గూడా చూడాల్సి వచ్చె.

మన్నులో ఆ తేమ, ఆ పదును, నిలిచేది మూడు దినాలు, మహా అయితే నాలుగు. సర్కారు విత్తనం పంచడం అయిపోయింది. అంగట్లో కాయ మొలుస్తాదో లేదో అమ్మేవానికే తెలీదు. ఆ ఐదు మూటలే మా మూడెకరాలు.

"చెప్పత్తా. మిద్దింట్లో ఉండే కాయలు పొట్టు కొట్టంలోకి ఎట్లొచ్చినాయి? కాళ్ళొచ్చి నడిచినాయా?"

"గంపతో తెచ్చి పోసినా" అనింది మా అత్త, గొంతు బాగా తగ్గించి. "మీరంతా లేనప్పుడు. పోయిన వారం మా తమ్ముడొస్తాడని తెలిసింది గదా..."

ఆమె తమ్ముడు ముత్యాలప్ప. పామిడిలో ఉంటాడు. అప్పుడు నాకు కథంతా అర్థమైపోయింది. ఈ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండాది. తొలివానలకు విత్తే ముంగారు కాలంలో గడపలోకొచ్చి విత్తనం అడిగినోళ్ళను ఒట్టి చేతుల్తో పంపకూడదు. మా అత్తకు వాళ్ళత్త చెప్పిపోయింది, ఆమెకు వాళ్ళత్త. ఉండేది ఎంతైనా ఇయ్యాల్సిందే.

"కంటికి కనపడితే ఇయ్యాల. కనపడకుంటే లేదనొచ్చు గదా అని... పొట్టు మూటల నడుమ పెడ్తి. లేవు నాయనా, పురుగు పట్టి పాడైపాయె అని చెప్తి. నమ్మినాడు పిచ్చోడు. 'అయ్యో అక్కా' అని పోయినాడు."

"ఆయనకు చెప్పినావు సరే. నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నీ మొగునికి చెప్తావు. వాడు మెత్తన. వాళ్ళ మామకు మూటలెత్తిచ్చి బస్సెక్కిస్తాడు."

నాకు ఒళ్ళు మండింది. "బాగుండాది! తమ్మునికి గూడా దక్కకుండా, మనకు గూడా దక్కకుండా చేసినావు! నిన్న ట్రాక్టరోడు నన్నడిగినాడు. 'ఏందక్కా, ఈ ఐదు మూటలు ఇంత బరువు? మన్ను కలిపినారా?' అని. మా ఇంట్లో అట్లాంటి అలవాటు లేదప్పా, తేమ తగిలుంటాది, మూసుకోని ఎత్తు అని నేనే దబాయించినా! చెప్పింటే ఇంత జరిగేదా?"

"మెల్లగా మాట్లాడు. మీ మామ వింటాడు."

విన్నాడు. మా మామ కొట్టం వాకిట్లోనే నిలబడుకోని ఉండాడు. ఎప్పుడొచ్చినాడో ఏమో. గొర్రుకు కట్టే తాడు చేతిలో ఉండాది. మా అత్త తల ఎత్తలేదు. మా మామ అరిచినా, తిట్టినా బాగుండు అనిపించింది నాకు.

తాడు చేతికి చుట్టుకుంటా, "ఇప్పుడా మూటలు యాడుండాయి?" అన్నాడు.

"ఆడ" అన్నాను.

ఆ ఫ్యాక్టరీ పేరు మా మామ ముందర ఎవరూ ఎత్తరు. ఊళ్ళ చెత్తంతా తెచ్చి, కాల్చి, కరెంటు తీసే ఫ్యాక్టరీ. మా పక్క కసువు ఫ్యాక్టరీ అంటారు. మా ఆయన విష్ణువర్ధన్ ఐటీఐ చదివి ఎనిమిది నెలల కింద ఆడ బాయిలరు దగ్గర పనికి చేరినాడు. "మన్ను నమ్ముకోని బతికిన ఇంట్లో పుట్టి కసువు కాల్చి బతుకుతావా" అని ఆ పొద్దు మా మామ ఒట్టు పెట్టుకున్నాడు, ఆ గేటులో కాలు పెట్టనని. కొడుకుతో మాట కూడా మానేసినాడు. ఏదన్నా చెప్పాలంటే నాతో చెప్తాడు, నేను పక్కనే ఉండే ఆయనకు మళ్ళీ చెప్పాల.

బాయిలరు దగ్గర ఫోను ఉంచుకోనీరు, మా ఆయన్ను అడిగేకి గూడా లేదు. మా మామ తాడు గూటానికి తగిలించి, తువ్వాల భుజాన వేసుకున్నాడు. "పద" అన్నాడు.

*

కళ్యాణదుర్గం పోయే షేర్ ఆటోలో కాలు పెట్టేకి సందు లేదు. ఎవర్ని చూసినా వాన ముచ్చటే. మా పక్కన కూర్చున్న పెద్దామె ఊరికే ఉండక, "ఏమప్పా ఆంజనేయులూ, మీవి ఒలుస్తాండారా కాయలు?" అని అడిగింది.

"ఆ" అన్నాడు మా మామ.

"ఎంతమంది కూలోళ్ళు?"

మా మామ బయటికి చూస్తా కూర్చున్నాడు. నేనే ఏదో చెప్పి ఆమె నోరు మూయించినాను.

మలుపు తిరిగేసరికి ఫ్యాక్టరీ పొగగొట్టం కనపడింది. ఏం మొక్కుకోవాలో నాకే తెలీలేదు. పొగ వస్తాంటే మా విత్తనం అందులో ఉంటాది. పొగ రాకుంటే మా ఆయన పని పోయినట్లే. రేపు పెద్ద ఆఫీసర్లు వస్తాండారు. మూడు దినాలు మంట ఆరకుండా నడిచిందా లేదా చూసి, అప్పుడు ఫ్యాక్టరీ నడిపేకి పర్మిషన్ ఇస్తారంట. మా చెత్తేమో ఊరికే మండే చెత్త కాదు. మా పక్క ఆడోళ్ళు వాకిలి ఊడ్చి కసువు మన్నుతో సహా ఎత్తి పోస్తారు, అందులో సగం మన్నే. దానికి తోడు పొట్టు పోస్తే గానీ మంట నిలబడదు. ఇప్పుడా చెత్త రాత్రి వానకు తడిసింది గూడా. అంటే ఎండుగా ఉండే పొట్టు మూటలే ముందు పొయ్యిలోకి పోతాయి.

పొగ వస్తాండాది. సన్నగా.

ఆటో ఇంకొంచెం ముందుకు పోయేసరికి గాలి మా వైపు తిరిగింది. వేయించిన శెనక్కాయల వాసన. కమ్మగా.

మా మామ ఆటో కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. "ఆపప్పా" అన్నాడు. ఆటో ఆగినాక దిగి, రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చున్నాడు.

"అయిపాయెలే అమ్మా" అన్నాడు. "ఇంక పోయి ఏం చేస్తాం?"

ఆ కాయలు నేను గూడా ఏరినాను. మాగి చలిలో ఇరవై దినాలు, ఒక్కొక్క కాయ. రెండు గింజలు నిండుగా ఉన్నదే విత్తనానికి, మిగిలింది గానుగకు. వేళ్ళు పగిలిపోయినాయి. ఆ వాసన పీల్చలేక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అయినా మా మామను రోడ్డు మీద కూర్చోబెట్టి నేను గూడా కూర్చుంటే ఎట్ల? "ఏమైందో కండ్లతో చూడకుండా నేను ఇంటికి రాను మామా. నువ్వు వస్తే రా, లేకుంటే ఈడ్నే కూర్చో" అని నడిచినాను. వెనక చెప్పుల చప్పుడు వినపడింది. గేటు దగ్గరికొచ్చి ఆ చప్పుడు ఆగిపోయింది.

లోపల కసువు గుట్టలు వానకు నాని ఆవిర్లు కక్కుతాండాయి. ఆ వాసన సంగతి చెప్పను. మా ఆయన బాయిలరు షెడ్డు నుంచి పరిగెత్తినట్లే వచ్చినాడు, మొగమంతా మసి.

"వచ్చినావా! పొద్దున్నుంచి మన ఊరిపక్క పోయేవాళ్ళెవరన్నా కనపడతారేమో, చెప్పి పంపుదామని చూస్తాండా. మంట వదిలేసి రాలేను..."

"కాలిపోయినాయా?"

"ఏంది?"

"ఏందేంది? విత్తనం! రోడ్డు దాకా కాయలు వేగిన వాసన వస్తాంటే ఏందంటావేంది!"

మా ఆయన నా మొగం చూసి, నవ్వాల్నో వద్దో తెలీక నిలబడినాడు. "పొట్టులో తాలుకాయలు మిగిలిపోయి ఉంటాయి గదే. అవి ప్రతి దినమూ వేగుతాయి. మా వాళ్ళు బూడిదలో ఏరుకోని తింటారు. పద, చూపిస్తా."

షెడ్డు వెనక, రేకుల పంచన, ఐదు మూటలు. మూటల మీద మారెక్క. ఒడిలో జల్లెడ, బుగ్గన ఆకూవక్క. సింహాసనం ఎక్కినట్లు కూర్చోని ఉండాది.

మారెక్క మా చేన్లో పన్నెండేండ్లు కూలికి వచ్చిన మనిషి. పోయినేడు ఈ ఫ్యాక్టరీలో కసువు ఏరే పనికి చేరింది. ఆ తర్వాత విత్తనం ఒలిచేకి వస్తే మా అత్త వాకిట్లోనే నిలబెట్టి, "కసువు ముట్టిన చేతుల్తో విత్తనం ముట్టొద్దు, పో" అనింది. నలుగురు ఆడోళ్ళ ముందర. మారెక్క మారు మాట్లాడకుండా పోయింది. మళ్ళీ మా వీధి తొక్కలేదు.

"లెయ్యి మారెక్కా, మా వాళ్ళొచ్చినారు" అన్నాడు మా ఆయన.

"చూసినాలే" అని లేచింది, నడుం పట్టుకోని. "సూపరైజరు మూడు తూర్లు వచ్చిపాయె. లేస్తే గదా ఎత్తేది!"

జరిగిందేమంటే, ఈడ పొట్టు తూకానికి తీసుకుంటారు. బరువు రావాలని మనోళ్ళు మన్ను కలుపుతారు. మన్ను పొయ్యిలో పడితే కరిగి గడ్డకట్టి మంటను చంపుతాదంట. అందుకని బరువు మూట కనపడితే చాలు పక్కకు తోసేస్తారు, మన్ను మూట అని. వాటిని జల్లించేది మారెక్క పని. మా ట్రాక్టరోడు నన్ను నమ్మలేదు. తేమ అని నేనెంత దబాయించినా, ఈ యమ్మ దొంగ అనుకోని ఐదు మూటలూ మన్ను మూటల్లో పడేసినాడు. నన్ను దొంగ అనుకున్నందుకు వాని నోట్లో చక్కెర పోయాల!

తెల్లారి చెత్త తడిసిందని చూసి, మన్నుంటే ఉండనీ, ఎండుగా ఉండేవన్నీ పొయ్యిలో పొయ్యండి అన్నాడంట సూపరైజరు. అప్పటికే మారెక్క ఒక మూట మూతి చూసేసింది.

"ఎర్రచీర పీలికతో కట్టు. మీ అత్త కట్టు" అనింది నాతో. "పన్నెండేండ్లు చూసినా, నాకు తెలీదా? విప్పితే పైన పురుగు పట్టకుండా వేసిన యాపాకు. ఇంక కూర్చునేస్తి."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి. ఆమె చేతులు పట్టుకున్నాను. "మా అత్త నిన్ను అంత మాటనింది గదా మారెక్కా..."

"అనింది మీ అత్త. కాయలేమన్నాయి నన్ను?"

వెనక ఎవరో ముక్కు చీదినట్లయి తిరిగి చూస్తే మా మామ. ఒట్టు గేటు బయటే వదిలేసి వచ్చినాడు. మూట ముందర గొంతుకూర్చోని, ముడి విప్పి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, పగలగొట్టి గింజ నోట్లో వేసుకున్నాడు. నమిలినాడు. తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు. తుడుస్తానే ఉండాడు.

కాసేపటికి బాయిలరు వైపు చూసి, "రేఖా, ఆ మంట ఎందుకట్ల నీరసంగా ఉండాదో అడుగు వాన్ని" అన్నాడు.

"కసువు తడిసింది, ఉండే పొట్టు మధ్యాన్నానికి అయిపోతాదని చెప్పు" అన్నాడు మా ఆయన.

ఇద్దరి నడుమ రెండు మూరలు గూడా లేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేనేమన్నా మీ ఇద్దరికీ టెలిఫోను తీగనా? నోళ్ళుండాయి గదా! మాట్లాడుకోండప్పా!"

ఇద్దరూ బెదిరినట్లు నన్ను చూసినారు. మారెక్క ఆకూవక్క ఉమ్మేసి అటు తిరుక్కునింది, నవ్వు దాచుకునేకి.

మా మామ మూట మూతి మళ్ళీ కట్టినాడు. ఆ ముడి వేసేకి అంతసేపు పట్టదు. "కళ్ళంలో కందికట్టె వామి ఉండాది" అన్నాడు, ముడి వైపే చూస్తా. "పైన తడిసింటాది. లోపల ఎండుగానే ఉంటాది. రెండు ట్రాక్టర్లు అవుతాది. తెప్పించుకో."

"ఏడాది వంటచెరుకు గదా నాయనా అది?"

ఎనిమిది నెలల తర్వాత 'నాయనా' అన్న పిలుపు. మా మామ అప్పుడు తలెత్తి కొడుకును చూసినాడు.

"మీ అమ్మ గ్యాసు మింద చేసుకుంటాదిలే. చేసిన పనికి కొంచెం కష్టపడనీ" అన్నాడు.

*

కట్టె కోసం పోయే ట్రాక్టర్లోనే మూటలు వేసుకోని ఇంటికొచ్చినాము. కట్టె ఎత్తేకి మనిషి కావాలని మారెక్క గూడా వచ్చింది. మా మామ ఇంజను పక్కన కూర్చోని డ్రైవరుకు దారి పొడుగునా గతుకులు చూపిస్తా వచ్చినాడు. ఆయన అన్ని మాటలాడేది నేనెప్పుడూ వినలేదు.

మా అత్త గడపలోనే కూర్చోని ఉండాది, అదే పట్టుచీరతో. ట్రాక్టరు చూసి లేచింది. ఒక్కొక్క మూట దించుతాంటే చేత్తో తట్టి చూసుకునింది, బిడ్డల వీపు తట్టినట్లు. ఐదో మూట దించినాక ఏడ్చింది. "సామీ, సామీ" అని పైకి చూసి దండం పెట్టింది. ఆ తర్వాత ట్రాక్టరు మీద ఉండే మనిషిని చూసింది.

"మూటలు కాపాడింది మారెక్క" అన్నాను. "పొద్దున్నుంచి పచ్చినీళ్ళు ముట్టకుండా వాటి మీదనే కూర్చునింది." ఇంకొక మాట గూడా అందామనుకున్నా, మింగేసినాను.

ట్రాక్టరు ఇంజను ఒక్కటే దడదడమంటాండాది. ఈ పొద్దు ఊళ్ళో ఒక్క కూలి మనిషి దొరకదు. మేము పోయొచ్చేలోపల మూటలు దొరుకుతాయనే ఆశతో మా అత్త నాలుగు వీధులూ తిరిగి, కూలోళ్ళు దొరక్క ఒట్టిగా వచ్చిందని తర్వాత తెలిసింది. ఐదు మూటలు ఒలవాల. రేపటికి గొర్రు కట్టాల.

మా అత్త లోపలికి పోయింది. చాప తెచ్చి వసారాలో పరిచింది, ఆమె రోజూ కూర్చునే తావులో. "దిగు మారెక్కా" అనింది.

"ఏంటికమ్మా?"

"కాయలు ఒలవాల."

"నా చేతులు కసువు చేతులు గదమ్మా."

మా అత్త వంగి చాప అంచు సరిచేసింది. "ఆ పొద్దు అన్న మాట తప్పే" అనింది. "దిగు."

మారెక్క దిగింది. చెంబు తీసుకోని చేతులు కడుక్కోని, చాప మీద కాదు, చాప ముందర నిలబడింది.

"ఒలుస్తానమ్మా. ఇద్దరు చెల్లెళ్ళను గూడా పిలుస్తా, పొద్దు గూకేలోపల అయిపోతాది. కూలి వద్దు. నాకు విత్తనం కావాల, ఒక మూట. గుట్ట కింద సర్కారు ఇచ్చిన ఎకరా బీడుగా ఉండాది మూడేండ్లుగా. రాత్రి వాన ఆడ గూడా పడింది."

గడపలోకొచ్చి విత్తనం అడిగింది! ఏ మాట వినకూడదని మూటలు దాచిందో, ఆ మాటే. మా అత్త మా మామను చూసింది. మా మామ ఆకాశంలో మోడాలు చూస్తా నిలబడినాడు.

మా అత్త పోయి, ఐదు మూటల్లో మూతి విప్పి మళ్ళీ కట్టిన మూట, మారెక్క మొదట చూసిన మూట, రెండు చేతుల్తో పట్టి ఇవతలికి లాగింది. "ఇది నీది" అనింది. "యాపాకు తీసెయ్యొద్దు, విత్తే దాకా ఉండనీ."

మారెక్క చాప మీద కూర్చునింది.

చేటలు తెచ్చినాను. మారెక్క చెల్లెళ్ళొచ్చినారు. కందికట్టె ఎత్తుకోని ట్రాక్టరు పోయింది. కాయలు టపటపా పగులుతాండాయి, ఎర్రగింజలు చేటల్లో పడతాండాయి. మా అత్త చీర మార్చుకోని వచ్చి మా నడుమ కూర్చోని, పెండ్లిలో పప్పు మాడిపోయిన కథ చెప్తాంటే మారెక్క పడి పడి నవ్వింది.

అప్పుడు వీధి మలుపులో ఒక మనిషి కనపడినాడు. పంచ పైకి కట్టి, తలమీద తువ్వాల, చేతిలో ఏదో సంచి. మా అత్త కథ ఆపేసింది.

"అయ్యో! మా ముత్యాలప్ప! వాన పడిందని మళ్ళీ విత్తనానికి వచ్చినాడు! రేఖా, మూటలు లోపలికి, బిరీన!"

లోపలికి ఎట్ల మోసేది, ఎవరు మోసేది? ఆమెకే తోచలేదు. ఒక్క దూకున పోయి మిగిలిన మూటల మీద కూర్చోని, కొంగు రెండు పక్కలా పరిచింది. మారెక్క నన్ను చూసింది. పొద్దున మూటల మీద మారెక్క కూర్చున్నట్లే ఉండాది మా అత్త.

ముత్యాలప్ప మామ గడప దాటి వచ్చి, చేతిలో సంచి మా అత్త కాళ్ళ దగ్గర దించినాడు. నిండు సంచి. మొగమంతా చెమట, నోరంతా నవ్వు.

"నీ విత్తనం పాడైపాయెనంటివి గదక్కా. ఊరు పోయి నిద్ర పట్టలేదు నాకు. యాడాడో తిరిగి నాకు ఒక మూట దొరికింది. సగం నీకు తెస్తి. అరెకరాకన్నా అవుతాది, ఉండనీ."

మా అత్త కదల్లేదు. కొంగు మాత్రం ఇంకొంచెం లాగి మూటల మీదికి కప్పింది.

ఆయన నవ్వు మొగంతోనే ఇటు తిరిగినాడు. చాప నిండా కాయలు, మూడు చేటల నిండా గింజలు.

"ఇవేందక్కా?" అన్నాడు.

మా అత్త నా వైపు చూసింది. నేను తల వంచుకోని ఇంకో కాయ ఒలిచినాను.